ముఖచిత్రం వెనుక మనిషి: చక్రపాణి గారి జీవితం

బ్రహ్మపురంలోని మా తెలుగు సంఘం గ్రంథాలయాన్ని ఈ మధ్య ఒక గది నుంచి ఇంకో గదికి మార్చవలసి వచ్చింది. కొత్త గది చిన్నది. రెండు బీరువాలకు మించి పట్టవు. పాత పత్రికల కట్టలు తూకానికి అమ్మేద్దామని కార్యవర్గ సమావేశంలో ప్రతిపాదన వచ్చింది. తీర్మానాన్ని మినిట్సు పుస్తకంలోకి ఎక్కించవలసిన కార్యదర్శిని నేనే. ముప్పై ఏళ్ళకు పైగా గుమస్తాగిరీ చేసినవాణ్ణి, కాగితం పారేసే ముందు అందులో ఏముందో చూడడం అలవాటు. ఒకసారి కట్టలు విప్పి చూస్తానని నెల రోజులు గడువు అడిగాను.

విప్పి చూస్తే ఒక సంగతి కనబడింది. కట్టల్లో ఎక్కువ భాగం మూడే పత్రికలు: చందమామ, యువ, విజయచిత్ర. చందమామల అట్టలు నలిగాయి, చెమ్మకు రంగు వెలిశాయి, కాని ఉన్నాయి. విజయచిత్రల్లో సగానికి పైగా సంచికలకు అట్టే లేదు. చిరిగిపోయింది కాదు, ఎవరో బ్లేడు పెట్టి శుభ్రంగా కోసుకుపోయారు. ఎన్.టి.రామారావు, సావిత్రి, వాణిశ్రీ ఏ ఇంటి గోడ మీదకో, ఏ క్షవరశాల అద్దం పక్కకో చేరిపోయి ఉంటారు. యువ దీపావళి సంచికల్లోనైతే లోపలి బొమ్మలు కూడా కొన్ని మాయం.

ఈ మూడు పత్రికల వెనుకా ఉన్న మనిషి ఒక్కరే, చక్రపాణి గారు. ఆయన పోయి యాభై ఏళ్ళు దాటింది. సినిమా వాళ్ళు ఆయన్ను విజయా సంస్థ నిర్మాతగా తలుచుకుంటారు, సాహిత్యం వాళ్ళు శరత్ నవలల అనువాదకుడిగా తలుచుకుంటారు. మన రాష్ట్రాల బయట పుట్టి పెరిగిన తెలుగువాళ్ళం మాత్రం ఆయన్ను ఇంకో కారణానికి తలుచుకోవాలి. బడిలో తెలుగు లేనిచోట మా చేత తెలుగు చదివించినవి ఆయన పత్రికలే. అందుకే ఆయన జీవితం నాకు తెలిసినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

తెనాలి నుంచి మదనపల్లె దాకా

చక్రపాణి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. 1908 ఆగస్టు 5న తెనాలి దగ్గర ఐతానగరంలో రైతు కుటుంబంలో పుట్టారు. జాతీయోద్యమం రోజులవి. స్కూలు చదువు కంటే హిందీ నేర్చుకోవడం, నేర్పడం గొప్ప అనుకునే కుర్రవాళ్ళు ఊరూరా ఉండేవారు. ఆయనా ఆ దారిన హిందీ చదివారు. చక్రపాణి అన్నది హిందీ గురువు పెట్టిన కలంపేరు. చివరికి అసలు పేరు ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తు లేనంతగా అది స్థిరపడిపోయింది.

1930ల మొదట్లో ఆయనకు క్షయ సోకింది. అప్పటికి ఆ జబ్బుకు మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇంతే వైద్యం. మదనపల్లె శానిటోరియంలో చేరారు. బతికి బయటపడతామో లేదో తెలియని ఆ మంచం మీద ఆయన చేసిన పని బెంగాలీ నేర్చుకోవడం. జబ్బు తగ్గి బయటికి వచ్చాక శరత్ చంద్ర ఛటర్జీ నవలల్ని తెలుగు చేశారు. ఆ తెలుగు ఎంత మామూలుగా, ఇంట్లో మాట్లాడుకున్నట్టుగా ఉండేదంటే, శరత్ తెలుగువాడే అనుకున్న పాఠకులు ఉండేవారని పెద్దలు చెప్పుకునేవారు. మా నాన్నగారు కూడా చాలాకాలం అలాగే అనుకున్నారట.

1930ల నడుమ తెనాలిలో కొడవటిగంటి కుటుంబరావు గారితో కలిసి యువ అనే మాసపత్రిక మొదలుపెట్టారు. మా ఊరికి అవి వేరే రకంగా గుర్తుండే రోజులు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. అంతవరకు మద్రాసు రాజధానిలో ఉన్న బ్రహ్మపురం ఆ రోజు నుంచి ఒరిస్సాలోకి వచ్చింది. ఇల్లు కదలలేదు, వీధి కదలలేదు, రాష్ట్రం మారింది. ఆ తర్వాత పుట్టిన పిల్లలకు తెలుగు ఇంటి భాషగా మిగిలింది. బడి, కచేరీ అన్నీ వేరే భాషలోకి పోయాయి. ఇలాంటి ఇళ్ళకు తెలుగు అక్షరాన్ని నెలనెలా తెచ్చి పడేయగలిగింది పత్రిక ఒక్కటే.

మద్రాసులో రెండు చేతులు

చక్రపాణి గారిని సినిమాల్లోకి తెచ్చింది మాటలు రాసే పని. 1941లో వచ్చిన ‘ధర్మపత్ని’కి ఆయన మాటలు రాశారు. ఆ సినిమా తీసింది మహారాష్ట్రలోని కొల్హాపూర్‌లో. మూలకథ మరాఠీ రచయిత వి.ఎస్.ఖాండేకర్ గారిది. అక్కినేని నాగేశ్వరరావు గారు మొదటిసారి తెర మీద కనబడింది అందులోనే. తర్వాత బి.ఎన్.రెడ్డి గారి ‘స్వర్గసీమ’ 1945లో వచ్చింది. దానికీ చక్రపాణి గారే మాటలు రాశారు.

ఆ పరిచయాల్లోనే బి.ఎన్.రెడ్డి గారి తమ్ముడు బి.నాగిరెడ్డి గారితో స్నేహం కలిసింది. నాగిరెడ్డి గారికి మద్రాసులో బి.ఎన్.కె. ప్రెస్సు ఉంది. ఒకరికి అచ్చుపని తెలుసు, వ్యాపారం తెలుసు. ఇంకొకరికి కథ తెలుసు, చదివేవాడి మనసు తెలుసు. ఇద్దరి స్నేహం చక్రపాణి గారి చివరిదాకా నిలిచింది. వాళ్ళ పేర్లు నాగిరెడ్డి-చక్రపాణి అని జంటగా పలకడం తెలుగువాళ్ళకు అలవాటైపోయింది.

1947 జూలైలో, దేశానికి స్వాతంత్ర్యం రావడానికి నెల ముందు, ఇద్దరూ చందమామ మొదలుపెట్టారు. తెలుగులో చందమామ, తమిళంలో అంబులిమామ ఒకేసారి వచ్చాయి. తర్వాత కన్నడం, హిందీ, మరాఠీ, మలయాళం, ఒడియా ఇలా వరసగా చేరాయి. మరాఠీలో చాందోబా, ఒడియాలో జహ్నమాము. 1952లో కుటుంబరావు గారు చందమామలో చేరి, 1980లో చనిపోయేదాకా దాని తెలుగును చూసుకున్నారు. ఆయన అంతకు ముందు కినిమా అనే సినిమా పత్రికకు సంపాదకత్వం వహించినవారు కూడా.

చందమామ అట్ట

అప్పట్లో అట్ట అచ్చువేయడం ఇప్పటిలా కంప్యూటరు పని కాదు. రంగుల బొమ్మను ఫోటో తీసి పసుపు, ఎరుపు, నీలం, నలుపు రంగులుగా విడగొట్టి, ఒక్కో రంగుకు ఒక్కో బ్లాకు చేయించాలి. ఒకే కాగితాన్ని నాలుగుసార్లు మిషను ఎక్కించాలి. ఒక్క రంగు వెంట్రుకవాసి పక్కకు జరిగినా బొమ్మలో మనిషికి రెండు ముక్కులు కనబడతాయి. ఖర్చంతా అట్టకే. అందుకే చాలా పత్రికలు ఒకటి రెండు రంగులతో సరిపెట్టుకునేవి. చందమామ మాత్రం పిల్లల పత్రికే అయినా ఆ ఖర్చుకు వెనుకాడలేదు.

ఆ అట్టల కోసం మంచి చిత్రకారుల్ని పోగుచేశారు. ఎం.టి.వి.ఆచార్య గారు కన్నడ దేశం నుంచి వచ్చినవారు. ఆయన వేసిన మహాభారతం బొమ్మలు చూసిన పిల్లలకు భీముడంటే ఆ భీముడే. వడ్డాది పాపయ్య గారు శ్రీకాకుళంలో పుట్టినవారు, అంటే మా బ్రహ్మపురానికి దగ్గరి చుట్టం లెక్క. వపా అని చిన్నగా సంతకం పెట్టేవారు. ఆయన బొమ్మల్లో అమ్మాయిలు, ఋతువులు, పండగలు అన్నీ మన ఉత్తరాంధ్ర రంగులే. లోపలి బొమ్మలకు చిత్రా, శంకర్ ఉండేవారు. వాళ్ళిద్దరూ తమిళ దేశం వాళ్ళు.

మా చిన్నప్పుడు ఇంటి పక్క ఒడియా కుటుంబం ఉండేది. మా ఇంటికి చందమామ, వాళ్ళింటికి జహ్నమాము వచ్చేవి. పత్రికల పార్సిలు మద్రాసు నుంచి మెయిలు బండిలో దిగేది. రెండింటి మీదా ఒకటే బొమ్మ. పైన అక్షరాలు మాత్రం వేరు. నేనూ ఆ ఇంటి అబ్బాయీ అరుగు మీద రెండు పక్కపక్కన పెట్టుకుని, ఏ బొమ్మ కింద ఏం రాసి ఉందో ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం. నాకు ఒడియా అక్షరాలు అలాగే వచ్చాయి, వాడికి తెలుగు అక్షరాలు కొన్ని వచ్చాయి. అప్పటికి మా ఇద్దరికీ చక్రపాణి పేరు కూడా తెలియదు.

సినిమా ముఖాలు

మద్రాసులో ఇదే కాలంలో ఆయన రెండో చెయ్యి సినిమాల్లో ఉంది. విజయా ప్రొడక్షన్స్ మొదటి చిత్రం ‘షావుకారు’ 1950లో వచ్చింది, కథ, మాటలు ఆయనవే. తర్వాత ‘పాతాళ భైరవి’, ‘పెళ్ళిచేసి చూడు’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’, ‘అప్పుచేసి పప్పుకూడు’, ‘జగదేకవీరుని కథ’, ‘గుండమ్మ కథ’. తెలుగువాడు ఏ ఊళ్ళో ఉన్నా ఈ పేర్లు చెబితే ముఖం వికసిస్తుంది. ‘గుండమ్మ కథ’కు మూలం ఒక కన్నడ సినిమా అని, ‘మిస్సమ్మ’ తమిళంలోనూ హిందీలోనూ కూడా తీశారని గుర్తుంచుకుంటే, ఆయనకు భాషల మధ్య గోడలు ఎంత పల్చనో తెలుస్తుంది.

‘మిస్సమ్మ’లో ముందు భానుమతి గారితో కొంత చిత్రీకరణ చేశారు. పొసగలేదు. తీసిన భాగం వదులుకుని సావిత్రి గారితో మళ్ళీ తీశారు. నష్టానికి వెనుకాడలేదు. ఆ తర్వాత సావిత్రి ముఖం పదేళ్ళ పాటు ఎన్ని పత్రికల అట్టల మీద వచ్చిందో లెక్కలేదు.

అప్పటికి సినిమా పత్రికలకు ఇరవై ఏళ్ళ చరిత్ర ఉంది. బొంబాయిలో బాబూరావు పటేల్ 1935లో ఫిల్మ్ ఇండియా మొదలుపెట్టారు. దాని అట్టకు రంగులతో గీసిన బొమ్మలు వాడేవారు. వాటిని వేసినవారిలో ఎస్.ఎం.పండిట్ గారు ముఖ్యులు. ఆయనది అప్పటి నిజాం రాజ్యంలో ఉన్న గుల్బర్గా. ఉన్న నటికంటే అట్ట మీది నటి ఎక్కువ మెరిసేది. 1952లో వచ్చిన ఫిల్మ్ ఫేర్ మొదటి సంచిక మీద కామినీ కౌశల్ ఫోటో వేసింది. గీసిన బొమ్మ ఊహను అమ్ముతుంది, ఫోటో మనిషిని అమ్ముతుంది. పాఠకులు ఫోటో వైపే మొగ్గారు. తెలుగులోనూ రూపవాణి, కినిమా, సినిమారంగం ఉండేవి. అవి చదివిన పెద్దలకు వాటి మీద గౌరవం ఉంది. కాని రంగుల అచ్చులో వాటి స్తోమత తక్కువ.

1966లో విజయా సంస్థ విజయచిత్ర తెచ్చింది. అదే ఏడు తమిళంలో బొమ్మై వచ్చింది. ఇక్కడ చందమామకూ సినిమా పత్రికకూ తేడా చూడండి. భీముడి బొమ్మ ఒకటి వేయిస్తే ఏ భాషకైనా సరిపోతుంది. సినిమా ముఖం అలా కాదు. బొమ్మైకి ఎం.జి.ఆర్., శివాజీ కావాలి, విజయచిత్రకు ఎన్.టి.ఆర్., ఏ.ఎన్.ఆర్. కావాలి. పురాణం బొమ్మకు సరిహద్దు లేదు. తారల బొమ్మకు ఉంది. ఆ సరిహద్దే మాలాంటి వాళ్ళకు ఉపయోగపడింది. చుట్టూ వేరే భాష బోర్డులున్న బజారులో, రైల్వే స్టేషన్ పుస్తకాల కొట్లో, వేలాడే పత్రికల మధ్య ఒక ముఖం కనబడితే అది మన పత్రిక అని దూరం నుంచే తెలిసిపోయేది. అక్షరం కంటే ముందు ముఖం పిలిచేది. పిలిచాక అక్షరం చదవక తప్పేది కాదు.

విజయచిత్ర బాధ్యతల్ని చాలా ఏళ్ళు చూసినవారు రావి కొండలరావు గారు. మనం ఆయన్ను తెర మీది మాస్టారుగా, మామగారుగా చూశాం. సొంతంగా సినిమాలు తీసే సంస్థే సినిమా పత్రిక నడపడంలో ఒక చిక్కు ఉంది. పక్కవాడి సినిమాను దించి, తమది ఎత్తి రాయవచ్చు. తారల ఇళ్ళ గుట్లు అందరికంటే ముందు వాళ్ళకే తెలుస్తాయి, అవి అచ్చువేస్తే అమ్మకాలు పెరుగుతాయి. విజయచిత్ర ఆ దారి పట్టలేదు. గాలి కబుర్లకు దూరంగా ఉండే పత్రికగా పేరు తెచ్చుకుంది. అట్ట చూసి ఎగబడి కొన్నవాడు దాన్ని ఇంట్లో అమ్మ ముందు, అక్క ముందు పెట్టడానికి సిగ్గుపడనక్కరలేదు. మా ఇంట్లో సినిమాలకు పంపించని బామ్మ కూడా విజయచిత్ర చదివించుకుని వినేది.

నాకు ఈ విషయంలో అనిపించేది ఇది. అట్ట అనేది కొనేవాడికి ఇచ్చే మాట. తర్వాత వచ్చిన కొన్ని సినిమా పత్రికల అట్టలు విజయచిత్ర అట్ట కంటే ఎక్కువ ఆకర్షించేవి, అట్ట మీద పెద్ద అక్షరాలతో ప్రశ్నలు వేసేవి. లోపల చూస్తే ఆ ప్రశ్నకు జవాబు ఉండేది కాదు. ఒకసారి మోసపోతాం, రెండుసార్లు మోసపోతాం, మూడోసారి కొనం. మా కట్టల్లో అలాంటివి విడిగా రెండో మూడో ఉన్నాయి, వరసగా ఏ ఏడాదివీ లేవు. చందమామ, విజయచిత్ర ఏళ్ళ తరబడి వరసగా ఉన్నాయి. దాచుకున్నవాళ్ళే చెప్పకుండా చెప్పిన తీర్పు అది.

చివరి రోజులు

చక్రపాణి గారిది సూటిగా మాట్లాడే స్వభావమని, ఎదుటివాడు ఎంత పెద్దవాడైనా నచ్చనిది నచ్చలేదనేవారని ఆయనతో పనిచేసినవారు రాసుకున్నారు. కథలో సందేశం అతికిస్తే ఆయనకు పడేది కాదు. మామూలు మనిషికి నవ్వు రావాలి, సొంత ఇల్లు గుర్తుకు రావాలి. సినిమాకైనా పత్రికకైనా ఆయన కొలత అదే. ఒకప్పుడు ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టిన మనిషి ఆ తర్వాత నలభై ఏళ్ళకు పైగా పనిచేసి, 1975 సెప్టెంబరు 24న కన్నుమూశారు. వయసు 67.

ఆయన తర్వాత చందమామ చాలాకాలం నడిచింది, మధ్యలో ఆగింది, మళ్ళీ వచ్చింది, చివరికి ఆగిపోయింది. యువ లేదు, విజయచిత్ర లేదు. 1976లో వచ్చిన సితార లాంటి వారపత్రికలు ఒక తరాన్ని పట్టుకున్నాయి. ఇప్పుడు తారల ముఖాలు చూడడానికి ఎవరూ పత్రిక కొనక్కరలేదు, అరచేతిలోనే కనబడతాయి. ముఖం ఉంది, దాని వెంట వచ్చే అక్షరం పోయింది.

ఇది నేను ఊరికే అనడం లేదు. మొన్న ఉగాదికి సంఘంలో ఒక బల్ల వేసి, అట్టలున్న సంచికలు పన్నెండు ఏరి, ముఖాలు పైకి కనబడేలా పరిచాను. పిల్లలు బాగానే గుమిగూడారు. నా మనవరాలికి తొమ్మిదేళ్ళు. ఎన్.టి.ఆర్.ను గుర్తుపట్టింది, సావిత్రిని గుర్తుపట్టింది. పైన పత్రిక పేరు ఏమిటో చదవమన్నాను. చదవలేక నా ముఖం చూసింది. ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడే పిల్ల. తప్పు ఆ పిల్లది కాదు. నా కొడుకుకు నేర్పిన అక్షరాలు దానికి నేర్పనిది మేమే.

అదే రోజు ఒక చందమామ ఇంటికి తెచ్చాను. అట్ట మీది బొమ్మ కథ ఏమిటని అది అడిగింది. చదివి చెప్పాను. మర్నాడు ఇంకోటి అడిగింది. నాలుగో రోజు చ మీద, మ మీద వేలు పెట్టి ఇవి రెండుసార్లు వచ్చాయేమిటని అడిగింది. చందమామ అన్న పేరులో మ రెండుసార్లు వస్తుంది, చ ఒకసారే వస్తుందని సరిదిద్దాను. ఇప్పుడు ఆ నాలుగు అక్షరాలు వచ్చు. ఇంకా చాలా ఉన్నాయి, చూడాలి.

వచ్చే కార్యవర్గ సమావేశంలో పాత పత్రికల విషయం మళ్ళీ చర్చకు వస్తుంది. కార్యదర్శిగా తీర్మానం రాయడం నా పని, కాని సభ్యుడిగా నాకూ ఒక ఓటు ఉంది. మూడో బీరువా పట్టకపోతే గోడకు చెక్కలు కొట్టించి, అట్టలు బయటికి కనబడేలా పెడదామని ప్రతిపాదిస్తాను. వెన్ను మాత్రమే కనబడేలా బీరువాలో కుక్కితే ఏ పిల్లా చెయ్యి చాచదు. చెక్కల ఖర్చు నా పింఛనులోంచి ఇస్తానని ఇంట్లో చెప్పాను, ఒప్పుకున్నారు.

బళ్ళారిలో, హోసూరులో, షోలాపూరులో, యానాంలో ఉన్న మన సంఘాల వారికి ఒక మనవి. మీ అటకల మీద ఇలాంటి కట్టలు ఉంటే తూకానికి వేయకండి. అట్ట ఉన్న సంచికలు వేరు చేసి, పిల్లలకు అందే ఎత్తులో పెట్టండి. మా దగ్గర విజయచిత్ర సంచికలు అట్టలు లేకుండా ఉన్నాయని చెప్పాను కదా, ఎవరి ఇంట్లోనైనా ఆ అట్టలు గోడ మీదో ట్రంకు పెట్టె అడుగునో ఉంటే ఒక ఫోటో తీసి మన పోర్టల్ వారికి పంపండి. కోసుకున్నది ఎవరని ఎవరూ అడగరు.